56 ఏళ్ళు వద్దు, ఒక్క జనవరి చాలు

చిరంజీవికి, ఆశీస్సులు.

అమెరికా అధ్యక్షుడు లింకన్ మీద నువ్వు పంపిన సినిమా స్క్రిప్టు చదివాను. చిన్నకొడుకు టాడ్ తండ్రి పక్కన నిద్రపోయే సీను బాగుంది. 1865 జనవరి 31 దగ్గర మాత్రం కోపమొచ్చింది. ప్రతినిధుల సభలో బానిసత్వాన్ని రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణ మీద ఓటింగు జరుగుతుంటే లింకన్ లేచి రెండు పేజీల ఉపన్యాసమిచ్చాడు! అధ్యక్షుడు ఆ సభలో సభ్యుడు కాడు తమ్ముడూ. ఆయన శ్వేతసౌధంలో కబురు కోసం కాచుకుని ఉన్నాడు. ఆ కాచుకోవడమే రాయాల్సిన సీను.

ఆయన పుట్టిన కెంటకీలోని దుంగల గుడిసె నుంచి ఆయన్ని కాల్చిన ఫోర్డ్ థియేటర్ దాకా, 56 ఏళ్ళ జీవితాన్ని 150 పేజీల్లో పరుగెత్తించావు. పేజీకి నిమిషం లెక్కన ఏడాదికి మూడు నిమిషాలైనా రావు. మనిషి కనబడే చోటు లేక ఉపన్యాసం దూరింది. పుట్టుక నుంచి సమాధి దాకా ఉంటేనే బయోపిక్ అనే నిర్మాతల పట్టు మన దగ్గర ఎన్ని కథల్ని చంపిందో! స్పీల్‌బర్గ్ 2012లో తీసిన 'లింకన్' చూడు. దాని రచయిత టోనీ కుష్నర్ కథని నాలుగు నెలలకు కుదించాడు, అందులోనూ బరువంతా జనవరి మీదే పెట్టాడు.

జనవరే ఎందుకు? లింకన్ 1863లో చేసిన బానిస విముక్తి ప్రకటన తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాలకే. తిరుగుబాటులో చేరని కెంటకీ, డెలవేర్ బానిసలకు వర్తించదు. పైగా అది యుద్ధకాలపు ఉత్తర్వు, యుద్ధం ముగిశాక కోర్టులో నిలుస్తుందన్న భరోసా లేదు. శాంతి ముందొస్తే సవరణకు ఓట్లు జారిపోతాయి. శాంతి మాట్లాడడానికి దక్షిణాది రాయబారులు బయల్దేరారని ఓటింగు రోజునే సభలో పుకారు లేచింది. సభలో సవరణను నడిపిస్తున్న సభ్యుడు యాష్లీ అడిగితే లింకన్ చీటీ రాసిచ్చాడు: తనకు తెలిసినంతవరకు రాయబారులు నగరంలో లేరు, వచ్చే సూచనా లేదు. అక్షరాలా నిజం. వాళ్ళు వెళ్తున్నది వాషింగ్టన్‌కి కాదు, వర్జీనియా తీరంలోని హాంప్టన్ రోడ్స్‌కి! ఫిబ్రవరి 3న తానే అక్కడికి వెళ్ళి కలిశాడు. ఇంతటి చీటీ నీ స్క్రిప్టులో లేదు.

గోడకి ఓట్ల కాగితం అంటించుకో. 1864 జూన్‌లో 93–65, మూడింట రెండొంతులు రాలేదు. జనవరిలో 119–56. ఓటేసింది 175 మంది, కావలసింది 117. అంచు రెండే ఓట్లు. ఓటేయని 8 మంది వచ్చి వద్దనుంటే 122 కావాల్సొచ్చేది, సవరణ పడిపోయేది. అంటే మనిషి చేత అవుననిపించడం ఒక సీను, ఇంట్లో కూర్చోబెట్టడం ఇంకో సీను. నవంబరు ఎన్నికల్లో ఓడి మార్చి 4న పదవి దిగిపోయే డెమోక్రాట్ల (లింకన్‌కి ప్రతిపక్షం) పేర్లు రాసి, పక్కన ఎవడికి ఏం కావాలో, ఎవరంటే భయమో రాయి.

ఓట్ల రికార్డు మాత్రం ముట్టుకోకు. కుష్నర్ అంతటివాడూ ఇక్కడ జారాడు. కనెక్టికట్ సభ్యులు ఇద్దరు వద్దన్నట్టు సినిమాలో ఉంది. నిజానికి నలుగురూ అవునన్నారు. ఉత్కంఠ కోసం వాళ్ళ ఓటు తిప్పేయడం అన్యాయం, ఉత్కంఠ ఆ అంకెల్లోనే ఉంది కదా.

స్క్రిప్టు ఎవరికి చూపించాలని అడిగావు. ఇప్పుడే ఎవరికీ వద్దు. ముందు చీటీ సీను రాయి, మూడు పేజీలు దాటకుండా. యాష్లీ మనిషి వచ్చి నిలబడ్డాక లింకన్ కలం తీసుకునే లోపు గదిలో ఎవరూ మాట్లాడకూడదు. అది పంపు.