గోడ దీపాలు కొనేముందు వెనక్కి తిప్పి చూడు

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

పారిస్ సాంతువాన్ పాత వస్తువుల సంతలో నువ్వు బేరమాడుతున్న, బంగారు పూత వేసిన కంచు గోడ దీపాల ఫోటోలు చూశాను. అన్నీ ముందువైపు నుంచే తీశావు. నలభై ఏళ్లు పాత వస్తువుల బేరంలో ఉన్నవాణ్ణి, నాకు కావలసింది వాటి వీపు.

18వ శతాబ్దపు పనైతే వెనక పోత గరుకుగానే ఉంటుంది. అక్కడ బంగారం తక్కువ, ఒక్కోసారి అసలే ఉండదు. గోడకి ఆనే చోట బంగారం ఎవరు తగలేస్తారు? వెనకా ముందూ ఒకేలా మెరిస్తే అనుమానించు, అది కరెంటు పూత కావచ్చు. అది 1840ల్లో వచ్చింది. అంతకుముందు బంగారాన్ని పాదరసంలో కలిపి, ముద్దలా పూసి, నిప్పుల మీద కాల్చేవారు. పాదరసం ఆవిరైపోయేది, బంగారం కంచుని పట్టుకునేది. ఆ ఆవిరి పీల్చి పనివాళ్ల ఒళ్లు గుల్లయ్యేది. మనం గిల్టు అని చులకనగా అంటాం గానీ, ఇది గిల్టు నగల బాపతు కాదమ్మా.

ఇక జత సంగతి. ఆకులు మెలితిరిగి ఒకవైపు ఒరిగాయంటే ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ నాటి రొకోకో పద్ధతి. అందులో జతంటే అద్దంలో బొమ్మ: ఒకటి ఎడమకి వంగితే రెండోది కుడికి వంగాలి. నీ ఫోటోలో రెండూ కుడికే వంగాయి! రెండు వేర్వేరు జతల్లోంచి చెరొకటి ఏరి కలిపారేమో. రిబ్బన్లు, కలశాలు, పొట్టేలు తలలు అటూ ఇటూ సమానంగా ఉంటే అది పదహారో లూయీ నాటి మోజు. కాకపోతే 19వ శతాబ్దంలో ఇవన్నీ మళ్లీ పోతపోశారు. డిజైన్ చూసి వయసు కట్టకు.

కిరీటం కింద 'సి' అక్షరం ముద్ర కనిపిస్తే అది 1745–49 మధ్య రాగి కలిసిన సామాన్ల మీద వేసిన పన్ను గుర్తు. చూడగానే మురిసిపోకు, దొంగముద్రలూ ఉన్నాయి. కొమ్మల్లో వైరు కోసం తొలిచిన బెజ్జం ఉంటే కంగారుపడకు. కొవ్వొత్తుల కోసం చేసినవాటికి తర్వాత కరెంటు పెట్టి ఉంటారు. ఆ వంకతో ధర తగ్గించమను.

కొన్నాక మీ అమ్మ చింతపండుతో తోమమంటుంది. వినకు. దుకాణం పెట్టిన కొత్తలో నేను అదే పని చేశాను, గంటలో పూత లేచి కింద ఎర్రని లోహం బయటపడింది. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులుపు, చాలు.

వెనకవైపు ఫోటోలు పంపు, స్క్రూలు కూడా కనిపించాలి. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెదనాన్న