ఎయిర్‌ఫోర్స్‌లో డాక్టరంటే యుద్ధంలో కట్లు కట్టడమేనా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతోంది. పీజీలో గైనిక్ చేస్తుందనుకుంటే, ఎయిర్‌ఫోర్స్‌లో చేరి ఏవియేషన్ మెడిసిన్ చేస్తానంటోంది. గాయాలకు కట్లు కట్టడానికి ఇంత చదువు కావాలా? ఆడపిల్లకు ఇది సరైన దారేనా?

జవాబు: అమ్మా, మీ పాప కోరుకుంటున్నది కట్లు కట్టే పని కాదు, జబ్బు రాకముందే కాపు కాసే పని. మామూలు ఆసుపత్రికి జబ్బుపడ్డవాళ్ళు వస్తారు. ఇక్కడ మనిషి నిక్షేపంగా ఉంటాడు, అతను పనిచేసే చోటే ఒంటికి పడదు.

ఫైటర్ విమానం గట్టిగా మలుపు తిరిగితే పైలట్ మీద 9 జీ దాకా, అంటే భూమి ఆకర్షణకు 9 రెట్ల దాకా భారం పడుతుంది. 60 కిలోల మనిషి ఆ కాసేపు 540 కిలోలు తూగినట్టు. రక్తం కాళ్ళలోకి దిగిపోయి ముందు చూపు మసకబారుతుంది, ఆపైన స్పృహ తప్పుతుంది. కాళ్ళను, పొట్టను బిగించి పట్టే యాంటీ జీ సూటు, కండరాలు బిగబట్టి ఊపిరి తీసే పద్ధతి అందుకే. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో మనిషిని కూర్చోబెట్టి గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ మీద వీటిని సాధన చేయిస్తారు. గగన్‌యాన్ వ్యోమగాముల ఎంపికకు వైద్య పరీక్షలు జరిగింది కూడా ఆ సంస్థలోనే.

అందరి కళ్ళూ పైలట్ మీదే ఉంటాయి గానీ, నాకు ఎక్కువ పట్టింపు కింద పనిచేసే సిబ్బంది గురించి. జెట్ ఇంజన్ హోరు పక్కన ఏళ్ళ తరబడి నిలబడేవాళ్ళకు మామూలు మాటలు మొదట్లో బాగానే వినిపిస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వినికిడి పరీక్షలో వచ్చే గ్రాఫు, అదే ఆడియోగ్రామ్‌లో మాత్రం, కీచుమనే శబ్దాలుండే 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలా దిగి ఉంటుంది. డాక్టరు అప్పుడే పట్టుకోవాలి, ఎందుకంటే అలా పోయిన వినికిడి మళ్ళీ రాదు. విమానాల పాత పెయింటు గీకేటప్పుడు లేచే క్రోమేట్ (క్రోమియం రసాయనం) దుమ్ముతో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పుంది. ఇంధన ట్యాంకుల్లోకి దిగేవాళ్ళకు ఆవిర్ల బెడద. ఇలాంటిచోట మాస్కులు పంచేసి ఊరుకుంటే సరిపోదు. వీలైతే ఆ రసాయనాన్నే మార్పించాలి, దుమ్మును పుట్టినచోటే లాగేసే ఏర్పాటు చేయించాలి. మాస్కు ఆ తర్వాతి మాట.

ఇంకో కష్టం పాపకు ముందే తెలియాలి. మెడ నొప్పి అనో, కళ్ళు తిరిగాయనో చెబితే ఎక్కడ ఎగరనివ్వరో అని పైలట్లు దాచుకుంటారు. వాళ్ళు నోరు విప్పాలంటే ఈ డాక్టరు మనల్ని ఆపడానికి కాదు, మళ్ళీ ఎగిరించడానికే ఉందన్న నమ్మకం కుదరాలి. అది పుస్తకాల్లో దొరికేది కాదు.

దారి సంగతి. హౌస్ సర్జన్సీ అయ్యాక సాయుధ దళాల వైద్య సేవల్లో షార్ట్ సర్వీస్ కమిషన్‌కు, అంటే పరిమిత కాలపు ఆఫీసరు ఉద్యోగానికి అమ్మాయిలూ దరఖాస్తు చేయొచ్చు. ముందు 5 ఏళ్ళు, పొడిగిస్తే మొత్తం 14 ఏళ్ళ దాకా ఉద్యోగం. ఎయిర్‌ఫోర్సే వస్తుందన్న హామీ లేదు, ఆర్మీకో నేవీకో పంపొచ్చు. దీనికి ఇంట్లో అందరూ సిద్ధపడాలి. బదిలీలు తప్పవు. ఏరోస్పేస్ మెడిసిన్‌లో, అంటే మీ పాప చెప్పే ఏవియేషన్ మెడిసిన్‌లోనే, 3 ఏళ్ళ ఎండీ నేను చెప్పిన బెంగళూరు సంస్థలోనే ఉంది. చిత్తూరులో బస్సెక్కితే నాలుగైదు గంటల దూరం. ఆడపిల్లని సందేహించకండి, వాయుసేనలో మహిళలు ఇప్పుడు ఫైటర్లే నడుపుతున్నారు.

సెలెక్షన్ రాకపోయినా ఈ ఆసక్తి వృథా కాదు. ఎంబీబీఎస్ తర్వాత ఏఎఫ్ఐహెచ్ (అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్) అని 3 నెలల కోర్సు ఉంది. ప్రమాదకర పరిశ్రమల్లో పనిచేసే డాక్టర్లకు అది అవసరం. హోరు, పెయింటు, ద్రావకాలు ఫ్యాక్టరీల్లోనూ ఉంటాయి, మనకు శ్రీసిటీ పారిశ్రామికవాడ పక్కనే ఉంది.

ఇప్పుడే ఏమీ తేల్చకండి. కమ్యూనిటీ మెడిసిన్‌లో చాలామంది పైపైన చదివి వదిలేసే వృత్తి వ్యాధుల పాఠాన్ని శ్రద్ధగా చదవమనండి. వాళ్ళ కాలేజీ ఆసుపత్రి రుయాలో ఈఎన్‌టీ పోస్టింగ్ వచ్చినప్పుడు ప్రతి రోగినీ ఏం పనిచేస్తావని అడిగి, ఆ తర్వాత ఆడియోగ్రామ్ చూడమనండి. రెండు మూడు వారాల తర్వాత కూడా ఆ ప్రశ్న అడగడం ఆమెకు విసుగనిపించకపోతే హౌస్ సర్జన్సీ అయ్యాక దరఖాస్తు పెట్టించండి. విసుగనిపిస్తే గైనిక్ గురించి నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు.