ఎన్నూరు వెళ్లే ముందు

చిట్టితల్లీ,

చెన్నై దగ్గరి ఎన్నూరు క్రీక్‌లో ఒలికిన చమురు పట్టిన గూడబాతులను (పెలికాన్లను) కాపాడడానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. మన నేలపట్టు చెరువు చెట్ల మీద గూళ్లు కట్టే జాతే అది. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది.

ముందు అటవీశాఖ వాళ్ల దగ్గర పేరు రాయించుకో. నైట్రైల్ గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, గమ్‌బూట్లు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. 2017 జనవరిలో అక్కడే రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు జనం బకెట్లతో చమురు తోడారు, సరైన రక్షణ కూడా లేకుండా. నువ్వలా చేస్తే ఊరుకోను. తల తిరిగితే మొండికేయకుండా బయటికి వచ్చెయ్యి, తల్లీ.

ఇక అసలు మాట. పక్షి దొరకగానే కడగొద్దు. నల్లగా జిగటగా వణుకుతుంటే ఎవరి చెయ్యయినా సబ్బు మీదికే పోతుంది. మంచి మనసున్నవాళ్లు ఎన్నో తీరాల్లో చేసిన తప్పే ఇది. ఈక పోగులకు సన్నటి కొక్కేలుంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నంతవరకే నీరు లోపలికి దిగదు. చమురు పడితే పోగులు విడిపోయి అట్టలు కడతాయి, చలినీరు నేరుగా ఒంటికి తగులుతుంది. పక్షి వేట మానేసి ముక్కుతో ఈకలు దువ్వుకుంటూనే ఉంటుంది, ఆ చమురు కడుపులోకి పోతుంది. నీ చేతికొచ్చేసరికి చలితో, ఆకలితో, ఒంట్లో నీరు తగ్గి సొమ్మసిల్లి ఉంటుంది. అప్పుడు తొట్టిలో అదిమిపట్టి రుద్దితే ఆ బెదురుకే ప్రాణం పోతుంది.

వెచ్చదనం, చీకటి, నిశ్శబ్దం: మొదట కావలసినవి ఇవే. ద్రవాలు పశువైద్యులు ట్యూబుతో ఎక్కిస్తారు. మామూలుగా ఒకటి రెండు రోజులు తేరుకున్నాకే స్నానం. నీళ్లు 40 డిగ్రీల వేడిలో, గిన్నెలు తోమే లిక్విడ్ నూటికి ఒకటి రెండు పాళ్లు. నీళ్లు మురికైతే ఇంకో తొట్టి. కడగడం కన్నా జాడించడం ముఖ్యం. సబ్బు మిగిలితే అదీ చమురులాగే ఈకలను తడిపేస్తుంది. తామరాకు మీదలా నీళ్లు జారిపోయేదాకా జాడించాలి.

పట్టేటప్పుడు నీళ్లవైపు నుంచి వెళ్లు, లేకపోతే బెదిరి మళ్లీ అందులోకే దూకుతుంది. పాత తువ్వాలు కప్పి రెక్కలు ఒంటికి చేర్చి పట్టుకో. ముక్కు బిగించి కట్టకు. గూడబాతు, నీటికాకి నోటితోనే ఊపిరి తీస్తాయి, వేలు దూరేంత సందు వదులు. కొంగ కంటికే గురిపెడుతుంది, దాని ముక్కు నీ ముఖం దరిదాపులకు రానివ్వకు. గాలికి రంధ్రాలున్న అట్టపెట్టె, అడుగున మెత్తటి గుడ్డ. చేపలు పెట్టకు. నోట్లో నీళ్లు పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఫోటోల కోసం ఎవరినీ మూత తీయనివ్వకు.

మడ అడవి బురదలోకి దిగొద్దు. తొక్కితే చమురు ఇంకా లోతుకు, వేళ్ల దాకా దిగుతుంది.

ఏ చోట, ఎన్ని గంటలకు దొరికిందో పెట్టె మీద రాయి, డాక్టరు మొదట అడిగేది అదే. చీకటి పడకముందే ఇంటికి చేరి ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ