డౌనీయా, హెయిరీయా? సూయెట్ లేకుండా వడ్రంగి పిట్టలు వస్తాయా?

మీ పెరట్లోకి వచ్చే నలుపు తెలుపు వడ్రంగి పిట్ట డౌనీయా హెయిరీయా (చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాలు) అని, ఫీడర్‌లో సూయెట్ (పిట్టలకి మేతగా పెట్టే జంతువుల కొవ్వు) పెట్టక తప్పదా అని అడిగారు కదా. మేమూ న్యూజెర్సీలోనే ఉంటాం, ఈ రెండూ మా ఇంటికి వస్తాయి.

సైజు చూసి తేల్చకండి, పక్కన రెండోది లేకపోతే చిన్నదో పెద్దదో ఏం తెలుస్తుంది? ముక్కు చూడండి. డౌనీ ముక్కు పొట్టి, తల పొడవులో మూడో వంతు ఉంటే ఎక్కువ, హెయిరీది దాదాపు తలంత ఉంటుంది. అప్పటికీ అనుమానమైతే తోక అంచు ఈకలు చూడండి, డౌనీకి ఆ తెలుపు మీద చిన్న నల్ల మచ్చలుంటాయి, హెయిరీకి మామూలుగా ఉండవు. తల వెనక ఎర్ర మచ్చ ఉంటే మగది, రెండు రకాల్లోనూ అంతే, కాబట్టి దాంతో రకం తేలదు.

వీపు మీద జీబ్రా చారలుండి తల మీద ఎరుపున్నది వస్తే రెడ్ హెడెడ్ అనే రకం అనుకోకండి, అది రెడ్ బెల్లీడ్ అనే ఇంకో రకం వడ్రంగి పిట్ట. రెడ్ హెడెడ్‌కి మెడ దాకా తలంతా ఎరుపే.

ఇక సూయెట్ అంటే ఎక్కువగా గొడ్డు కొవ్వే. మా అత్తగారు దాన్ని గుమ్మం దాటనివ్వలేదు, నాకూ ముట్టుకోబుద్ధి కాలేదు. ఏం ఫర్వాలేదు, ఉప్పు లేని వేయించిన పల్లీలు జాలీ ఫీడర్‌లో పోయండి, రెడ్ బెల్లీడ్ అయితే వాటి కోసం పడి చస్తుంది. చలికాలంలో పీనట్ బటర్‌లో మొక్కజొన్న రవ్వ కలిపి చెట్టు బెరడుకి పూస్తాం, ఎండాకాలంలో వద్దు, కరిగి ఈకలకి అంటుకుంటుంది. పల్లీలు తడిస్తే బూజు పడతాయి, కొంచెం కొంచెమే పోయండి. వడ్రంగి పిట్ట తోక ఆనించుకుని నిలబడుతుంది కాబట్టి కింద పొడుగాటి చెక్క ఉన్న ఫీడర్ తీసుకోండి, లేదా మామూలుదే చెట్టు మానుకి కట్టండి. ఎలుగుబంట్లు తిరిగే ఏరియా అయితే మాత్రం అవి నిద్రలో ఉండే చలికాలంలోనే పెట్టండి.

ఎండిన కొమ్మ ఎవరి మీదా పడే ప్రమాదం లేకపోతే కొట్టించకండి, ఫీడర్ కన్నా పురుగులున్న ఆ కొమ్మే వాటికి ఇష్టం. వసంతంలో ఇంటి కప్పు అంచున వాన నీళ్ళు పోయే గట్టర్ మీద టకటకలాడితే టెన్షన్ వద్దు, అది తన హద్దు చాటుకోవడం, జోడీని పిలవడం. చెక్క సైడింగ్‌కి (ఇంటి బయటి గోడ పలకలకి) బొక్కలు పెడుతుంటే లోపల పురుగుందేమో చూపించండి, అంతే గానీ పిట్ట జోలికి పోకండి, 1918 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం వాటిని చంపడం నేరం.