ఆ వంద అంటే వందమంది కాదు

ఆన్‌లైన్ అంగడి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంట్లో పచ్చళ్లు పెట్టి సొంత సైట్లో అమ్ముతున్నాం. ‘ఆవకాయ’ అనే మాటకి గూగుల్ కీవర్డ్ ప్లానర్ ‘100 నుంచి 1000’ అని చూపిస్తోంది. గూగుల్ ట్రెండ్స్ 100 అంటోంది. ఇంకో ఉచిత సైటేమో 880 అంటోంది. ఏది నమ్మాలి? – తెనాలి

జవాబు: మూడూ నమ్మొచ్చు, కాకపోతే మూడూ చెప్పేది ఒకే సంగతి కాదు.

ట్రెండ్స్‌లో 100 అంటే వందమంది వెతికారని కాదు. మీరు ఎంచుకున్న కాలంలో, ఎంచుకున్న ప్రాంతంలో ఆ మాట బాగా పైకి వెళ్లిన రోజుకో వారానికో 100 మార్కులు వేసి, మిగతావాటిని దాంతో పోల్చి చూపిస్తుంది. మేలో 100, నవంబరులో 8 ఉంటే మేలో సుమారు పన్నెండు రెట్లు ఎక్కువ వెతికారని అర్థం. ఆ వంద వెనక ఐదు వేలమంది ఉండొచ్చు, యాభై వేలమందీ ఉండొచ్చు. పైగా ట్రెండ్స్ లెక్కించేది మొత్తం వెతుకులాటల్లోంచి తీసిన నమూనాని. అందుకే నిన్న 8 కనిపించిన చోట ఇవాళ 10 కనిపించినా కంగారుపడక్కర్లేదు.

కీవర్డ్ ప్లానర్ ప్రకటనలు కొనేవాళ్ల కోసం పెట్టిన టూల్. ప్రకటనల మీద పెద్దగా ఖర్చు పెట్టని ఖాతాకి అసలు అంకె చూపించదు, వందనుంచి వెయ్యి, వెయ్యినుంచి పదివేలు అని గంపగుత్తగా చెబుతుంది. ఇక ఆ 880 సంగతి. ఖర్చుపెట్టే ఖాతాలకి కూడా గూగుల్ అంకెలు 590, 720, 880, 1000, 1300 అంటూ మెట్లుమెట్లుగానే కనిపిస్తాయి. మీరు చూసిన సైటు ఆ మెట్టునే తెచ్చి చూపిస్తోంది. అది పన్నెండు నెలల సగటు. ఆవకాయ లాంటి సరుక్కి ఈ సగటు మోసం చేస్తుంది. వేసవిలో నెలకి మూడువేలు, మిగతా నెలల్లో రెండొందలు ఉన్నా సగటు దాదాపు తొమ్మిదొందలే వస్తుంది. ప్రతి నెలా తొమ్మిదొందలు అనుకుని సీసాలు కొంటే చలికాలంలో అవి అటకెక్కుతాయి.

ప్లానర్లో ‘పోటీ’ అన్న గడి చూసి చాలామంది పొరబడతారు. అక్కడ ‘తక్కువ’ అని ఉంటే ప్రకటనలు వేసేవాళ్లు తక్కువని అర్థం. మీ పేజీ సులువుగా పైకొస్తుందని కాదు.

మీకు పనికొచ్చే అంకె రాబట్టాలంటే ఇలా చేయండి. మీ సైటు నిలకడగా మొదటి ఐదు స్థానాల్లో కనిపించే మాట ఒకటి సెర్చ్ కన్సోల్లో (మీ సైటు గూగుల్ వెతుకులాటలో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ టూల్) పట్టుకోండి. అలాంటి మాటకి నెలలో వచ్చిన ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీ సైటు కనిపించిన సార్లు) దాదాపుగా ఆ మాట వెతికినవాళ్ల లెక్కే. ఉదాహరణకి అది 300 అనుకుందాం. ఇప్పుడు ట్రెండ్స్‌లో ఆ మాటనీ, మీకు కావాల్సిన కొత్త మాటనీ పక్కపక్కన పెట్టండి (ఒకేసారి ఐదు మాటల దాకా పోల్చొచ్చు). అదే నెలలో మీది 10, కొత్తది 40 ఉంటే కొత్తదానికి సుమారు 1200. ఇది చేతి అంచనానే గానీ, వందకీ వెయ్యికీ మధ్య ఊగడం కంటే నయం. రెండు మాటల ప్రాంతం, కాలం ఒకటే ఉండాలి. మీ మాట మరీ చిన్నదైతే ట్రెండ్స్ సున్నా చూపిస్తుంది, అప్పుడు ఈ లెక్క కుదరదు.

ఇంకో చిక్కు స్పెల్లింగు. మనవాళ్లు ఆవకాయని ఇంగ్లిష్ అక్షరాల్లో చివర ‘వై, ఏ’ పెట్టి ఒకరు, ‘ఐ’ పెట్టి ఒకరు, మొదట్లో రెండు ‘ఏ’లతో ఇంకొకరు టైపు చేస్తారు. తెలుగు లిపిలో వెతికేవాళ్లు వేరే. ట్రెండ్స్ పెట్టెలో వీటన్నిటి మధ్యా కూడిక గుర్తు పెడితే అన్నిటినీ కలిపి ఒకే గీతగా చూపిస్తుంది. ఏ స్పెల్లింగు ఎక్కువో విడివిడిగా చూసి, అదే పేజీ శీర్షికలో పెట్టుకోండి. మిగతావి వివరణలో ఒక్కోసారి వస్తే చాలు.

ప్లానర్ వాడాలంటే బిల్లింగ్ వివరాలు ఇచ్చి, ఒక ప్రకటన ప్రచారం తయారుచేయమని అడుగుతుంది. తయారుచేసిన వెంటనే పాజ్ చేయండి. మరిచిపోతే ‘ఉచిత టూల్’ కాస్తా డబ్బులు తింటుంది.

ప్రశ్న: కొండపల్లి బొమ్మలు తెప్పించి అమ్ముతాం. ప్రకటనలు ఎప్పుడు మొదలుపెట్టాలో ట్రెండ్స్ చూసి తెలుసుకోవచ్చా? – విజయవాడ

జవాబు: తెలుసుకోవచ్చు, కానీ దేశం మొత్తం గీత చూస్తే దారి తప్పుతారు. మన దగ్గర బొమ్మల కొలువు ఎక్కువమంది సంక్రాంతికి పెడతారు, కొందరు దసరాకి. తమిళనాట, కర్ణాటకలో నవరాత్రులకే పెడతారు. ఇవన్నీ కలిసిన గీత ఏ ఒక్కచోటికీ సరిపోదు. ప్రాంతం దగ్గర ఇండియా పెట్టి, రాష్ట్రాలు ఒక్కొక్కటిగా మార్చి చూడండి. కాలం ఐదేళ్లు పెట్టండి. ఒక్క ఏడాదే చూస్తే అది ప్రతి ఏటా వచ్చే పండగ గిరాకీయో, ఎవరో వీడియో పెట్టగా వచ్చిన తాత్కాలిక హడావుడో తేలదు. దసరా తేదీ ఏటా మారుతుంది కాబట్టి తేదీలు గుర్తుపెట్టుకోకుండా, గీత లేవడం పండక్కి ఎన్ని వారాల ముందు మొదలైందో రాసుకోండి. మీ ప్రకటన అంతకంటే ఒక వారం ముందే ఉండాలి. పార్సిలు చేరే రోజులు కూడా అందులో కలపాలి.

కింద ‘సంబంధిత వెతుకులాటల్లో’ ఏదైనా మాట పక్కన శాతానికి బదులు ‘బ్రేకౌట్’ అని కనిపిస్తే అది 5000 శాతం మించి పెరిగిందని లెక్క. అంతకుముందు దాదాపు ఎవరూ వెతకని మాటకి నలుగురు కలిసినా ఈ ముద్ర పడుతుంది. దాన్ని చూసి సరుకు కొనకండి.

ప్రశ్న: మంగళగిరి చీరల సైటు పెట్టి మూడు నెలలైంది. సెర్చ్ కన్సోల్లో 4000 ఇంప్రెషన్లు, 12 క్లిక్కులు. లోపం ఎక్కడ? – మంగళగిరి

జవాబు: 4000కి 12 అంటే 0.3 శాతం. ఈ ఒక్క అంకె చూసి ఏమీ చెప్పలేం, విప్పి చూడాలి.

పర్ఫార్మెన్స్ రిపోర్టులో పైన నాలుగు పెట్టెలుంటాయి. సగటు సీటీఆర్ (కనిపించిన సార్లలో ఎంత శాతం క్లిక్కయిందో), సగటు స్థానం పెట్టెలు మామూలుగా మూసి ఉంటాయి, వాటినీ నొక్కి తెరవండి. దేశం ఫిల్టరులో ఇండియా పెట్టండి. స్థానం అంకె 20 కంటే తక్కువ ఉన్న (అంటే ఇంకా పైన కనిపించే) మాటల్ని మాత్రమే ఫిల్టరు చేసి, ఇంప్రెషన్ల ప్రకారం వరసలో పెట్టండి. స్థానం 50, 60 ఉన్న మాటలు మీ 4000లో ఎక్కువ భాగం తినేసి ఉండొచ్చు. ఐదారు పేజీలు తిప్పి చూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి వాటికి క్లిక్కులు రాకపోవడంలో వింతేమీ లేదు. ముందు పని చేయాల్సింది 8 నుంచి 20 మధ్య ఉన్నవాటి మీద.

వాటిలో ఒక్కో మాట నొక్కి, ‘పేజీలు’ ట్యాబ్‌లోకి వెళ్లి ఏ పేజీ కనిపిస్తోందో చూడండి. చీర కొనాలని వెతికిన మాటకి మీ ‘మా గురించి’ పేజీ వస్తుంటే తప్పు అక్కడే దొరికింది. సరైన పేజీ శీర్షికలో కొనేవాళ్లు టైపు చేసే మాటలు ఉండాలి: కాటనా, పట్టా, నిజాం అంచా, బ్లౌజుతోనా. ‘శుభస్వాగతం’ అని పెట్టిన శీర్షికలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి!

రిపోర్టు మామూలుగా ‘వెబ్’ వెతుకులాటనే చూపిస్తుంది. చీరల వ్యాపారానికి ‘ఇమేజ్’ కూడా మార్చి చూడాలి. రంగూ అంచూ చూసి కొనే సరుకు కదా, చాలామంది బొమ్మల్లోంచే వస్తారు.

మీ సైటుకి ఇంకో జబ్బు ఉండే అవకాశం ఉంది. మగ్గం చీర ఒక్కో రంగులో ఒకటో రెండో ఉంటాయి. అమ్ముడుపోగానే పేజీ తీసేస్తే గూగుల్ దగ్గర దానికి వచ్చిన కాస్త పేరూ దాంతోపాటే పోతుంది, మళ్లీ కొత్త పేజీతో సున్నా నుంచి మొదలు. పేజీ ఉంచి ‘స్టాకు లేదు’ అని రాసి, కింద అలాంటి చీరలే నాలుగు చూపించండి. అసలు కష్టమంతా విడి చీర పేజీ మీద కాకుండా ‘మంగళగిరి కాటన్ చీరలు’ లాంటి విభాగం పేజీ మీద పెట్టండి. చీరలు మారినా ఆ పేజీ అలాగే ఉంటుంది.

మార్పులు చేశాక యూఆర్ఎల్ తనిఖీ పెట్టెలో ఒక్కసారి ఇండెక్సింగ్ (పేజీని మళ్లీ చూసి నమోదు చేసుకోమని) అడగండి. రోజూ అడిగితే వరసలో ముందుకు జరగరు. ఆ తర్వాత నాలుగు వారాలు ఆగి, వెనకటి 28 రోజులతో పోల్చండి. ఒక మాట: పట్టికలో మాటల క్లిక్కులన్నీ కూడితే పైన చూపించే మొత్తానికి తక్కువ వస్తాయి. చాలా తక్కువమంది వెతికిన మాటల్ని గూగుల్ గోప్యత కోసం దాచేస్తుంది, అంతే.

ప్రశ్న: గూగుల్‌లో సరుకులు చూపించడానికి వాడే మర్చంట్ సెంటర్లో మా సరుకులు సగం తిరస్కరించారు. ‘ధర సరిపోలలేదు’ అంటున్నారు. బార్‌కోడ్ నంబరు కూడా అడుగుతున్నారు, మావి చేతితో చేసినవి. – వరంగల్

జవాబు: ధర మూడు చోట్ల ఉంటుంది: మీరు పంపే సరుకుల జాబితా, అంటే ఫీడ్‌లో, పేజీ మీద కంటికి కనిపించేది, పేజీ కోడ్‌లో దాగి ఉన్నది. మూడూ ఒక్కటే కావాలి. మామూలుగా తప్పు జరిగేది పండగ తగ్గింపు పెట్టినప్పుడు. పేజీలో ధర వెంటనే మారుతుంది, ఫీడ్ మాత్రం మర్నాటిదాకా పాతదే. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేసి ఉంచితే చిన్న తేడాలు అదే సర్దుకుంటుంది. జీఎస్టీని చివర్లో కలిపే సైట్లకీ ఇదే గతి. మన దేశంలో చూపించే ధరలో పన్ను కలిసే ఉండాలి.

బార్‌కోడ్ లేని సరుక్కి నంబరు సృష్టించి రాయకండి, వేరేవాళ్లది వాడకండి. గుర్తింపు నంబరు ఉందా అన్న గడిలో ‘లేదు’ అని పెట్టండి. బార్‌కోడ్ నిజంగా ఉన్న వస్తువుకి ‘లేదు’ అని పెట్టినా తిరస్కరణే. ఫొటో మీద ఫోన్ నంబరు, ‘50 శాతం తగ్గింపు’ ముద్ర ఉంటే తీసేయండి. అన్నీ సరిచేశాకే పునఃపరిశీలన అడగండి. సరిచేయకుండా మళ్లీ మళ్లీ అడిగితే కొన్నాళ్లు ఆ బటనే నొక్కనివ్వరు.

ప్రశ్న: వెదురు బుట్టలు అమెజాన్‌లో పెడదామని ఉంది. గిరాకీ ముందే ఎలా తెలుస్తుంది? – ఖమ్మం

జవాబు: బెస్ట్ సెల్లర్ ర్యాంకు అంటే ఆ విభాగంలో వరసే గానీ ఎన్ని అమ్ముడయ్యాయో చెప్పదు. చిన్న విభాగంలో రోజుకి రెండు అమ్మినా పైకొచ్చేస్తుంది, గంటల్లోనే మారుతుంది కూడా. పది పోటీ సరుకుల ర్యాంకు మూడు వారాలపాటు రోజూ ఒకే వేళకి రాసుకోండి. ఎప్పుడూ పైనే ఉన్నవి ఏవో, ఊగేవి ఏవో తెలిసిపోతుంది. కీపా అనే ఉచిత టూల్‌లో ధర చరిత్ర గీత కనిపిస్తుంది. అందులో ధరలు నెలనెలా దిగుతుంటే అది ధరల యుద్ధం, దూరకండి. ఐదు, ఒకటి చుక్కల రివ్యూలు వదిలేసి రెండు, మూడు చుక్కలవి చదవండి. ‘పుల్ల గుచ్చుకుంది’, ‘ఫొటో కంటే చిన్నగా ఉంది’ లాంటివి మీ సరుకుని ఎలా మార్చాలో చెబుతాయి.

అయితే బుట్టల్లో అసలు గండం వేరే. కొరియర్ అసలు బరువుతో పాటు పెట్టె పరిమాణం కూడా చూస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించండి. 40, 30, 20 పెట్టెకి 4.8 కిలోలు. బుట్ట 900 గ్రాములే ఉన్నా ఛార్జీ దాదాపు ఐదు కిలోలకి! ఒకదాంట్లో ఒకటి ఇమిడే మూడు బుట్టల సెట్టు అమ్మండి. పెట్టె అదే, వచ్చే ధర మూడింటిది. అమెజాన్ ఉచిత ఫీజు కాలిక్యులేటర్లో ఈ పరిమాణాలే వేసి చూశాకే ధర నిర్ణయించండి.

ప్రశ్న: గూగుల్‌లో మా షాపు నాకు మొదటే వస్తుంది, డాలస్‌లో ఉన్న తమ్ముడికి కనిపించడం లేదు. ఎందుకు? – కాకినాడ

జవాబు: మీరు షాపు ఉన్న ఊళ్లోనే ఉన్నారు, రోజూ మీ సైటే తెరుస్తున్నారు. అందుకే గూగుల్ మీకు దాన్నే ముందు చూపిస్తోంది. అజ్ఞాత విండో వాడినా ఊరు మారదు. సెర్చ్ కన్సోల్లో దేశం ఫిల్టరు అమెరికాకి మార్చి, సగటు స్థానం చూడండి. అక్కడ అసలు ఇంప్రెషన్లే లేకపోతే స్థానం గురించి ఆలోచించక్కర్లేదు, ముందు అమెరికాకి పంపే ఛార్జీలు, రోజులు రాసిన పేజీ ఒకటి పెట్టండి.

ప్రశ్న: వాట్సాప్ స్టేటస్ చూసి ఎంతమంది సైటుకి వస్తున్నారో తెలుసుకునే వీలుందా? – అనంతపురం

జవాబు: ఉంది. మామూలు లింకు పెడితే వాళ్లలో ఎక్కువమంది గూగుల్ అనలిటిక్స్‌లో ‘డైరెక్ట్’ (ఎక్కణ్ణుంచి వచ్చారో తెలియనివాళ్లు) ఖాతాలో పడిపోతారు. గూగుల్ వాళ్ల ఉచిత క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్ తెరిచి, సోర్స్ దగ్గర వాట్సాప్, మీడియం దగ్గర స్టేటస్, క్యాంపెయిన్ దగ్గర ఆ వారం అమ్మకం పేరు రాసి వచ్చిన లింకునే స్టేటస్‌లో పెట్టండి. గ్రూపుల్లో పంపేదానికి మీడియం వేరుగా రాయండి. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే రాయండి. పెద్ద, చిన్న అక్షరాలు కలిస్తే ఒకే వాట్సాప్ రెండు వరసలుగా విడిపోతుంది. మీ సైటు లోపలి లింకులకి మాత్రం ఇవి తగిలించకండి, తగిలిస్తే వచ్చిన మనిషి అసలు ఎక్కణ్ణుంచి వచ్చాడో చెరిగిపోతుంది. లింకు తయారవగానే మీ ఫోన్లో ఒకసారి నొక్కి, రియల్‌టైమ్ రిపోర్టులో కనిపించిందో లేదో చూశాకే స్టేటస్ పెట్టండి.