ట్రాకర్‌ల డప్పు దరువు ఎందుకు ఈడుస్తది, మిడి కీబోర్డు ఎందుకు పలుకదు?

దేవరకొండ నుంచి మీరు అడిగింది రెండు ముచ్చట్లు. 4 జీబీల పాత ల్యాప్‌టాప్, లైనక్స్ మింట్, మిల్కీట్రాకర్‌ల (వరుసలల్ల నోట్లు టైపు చేసి పాట కట్టే సాఫ్ట్‌వేర్, ఇట్లాంటిదాన్నే ట్రాకర్ అంటరు) బతుకమ్మ పాటకు డప్పు కడితే దరువు ఈడ్చినట్టు వస్తుంది. యూఎస్‌బీ మిడి కీబోర్డు పెడితే అసలు సప్పుడే లేదు. నన్నడిగితే డప్పు ట్రాకర్‌ల కట్టుండ్రి, రాగం మిడి దిక్కు ఉంచుండ్రి. రెండూ ఒక్క సాఫ్ట్‌వేర్‌ల కుక్కితే రెండూ ఆగమైతయి.

ముందు డప్పు. ఈడ్చుడు ల్యాప్‌టాప్ పాతదైనందుకు కాదు, ఎక్కువ సార్లు తప్పు, వేవ్ ఫైలు మొదట్ల మిగిలిన ఖాళీది. ట్రాకర్ కాలాన్ని టిక్కులు అనే సన్న ముక్కలుగ లెక్కపెడ్తది. 2.5ను టెంపోతోని (వేగం అంకె) భాగిస్తే ఒక టిక్కు ఎన్ని సెకన్లో తెలుస్తది; 125 టెంపోల అది 20 మిల్లీసెకన్లు. దెబ్బకు ముందు 40 మిల్లీసెకన్ల ఖాళీ ఉంటే ప్రతి దెబ్బ రెండు టిక్కులు ఎన్కబడ్డట్టే. ఆడాసిటీల (సప్పుడు ఫైళ్లు కోసే సాఫ్ట్‌వేర్) బాగ జూమ్ చేసి, అల లేచే కాడికి ఒకటి రెండు మిల్లీసెకన్ల ముందు, గీత సున్నాను దాటే జాగల కొయ్యుండ్రి. సున్నా కాని కాడ కోస్తే ప్రతి దెబ్బకు టక్కుమని ఇంకో సప్పుడు అంటుకుంటది. తోక దిక్కు చిన్న ఫేడ్ ఇచ్చి, మోనో, 16 బిట్, 44100 రేటులో దాచుకుంటే సాలు. స్టీరియో తీసుకుంటే ఫైలు పెద్దగైతది తప్ప లాభం లేదు.

రికార్డింగ్‌ల అసలు చిక్కు తోలుది. కాచిన డప్పు సల్లారుతున్నకొద్దీ తోలు వదులై శ్రుతి దిగుతది. సిర్ర (లావు కర్ర) దెబ్బ ఇప్పుడు, సిటికెన పుల్ల (సన్న పుల్ల) దెబ్బ అరగంటకు తీస్తే రెండూ వేరే వేరే డప్పుల లెక్క వినొస్తయి. ఒక్కసారి కాచినంక అన్ని దెబ్బలూ ఒకేపారి తీసుకోవాలె: ఒక్కో తీరుకు మెల్లగ, నడుమ, గట్టిగ, మళ్ల గట్టి దెబ్బే నాలుగైదు సార్లు. మైకు మీటరు దూరం, శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దాటొద్దు. ఫోన్‌తోని తీస్తే ఆటో గెయిన్, నాయిస్ తగ్గించే సెట్టింగులు బంద్ పెట్టుండ్రి. లేకుంటే దెబ్బ మొన మొత్తం నలుగుతది. ఎర్తింగ్ సరిగ లేని ఇండ్లల్ల ల్యాప్‌టాప్ మైకుల 50 హెర్ట్జ్ గుయ్యిమనే సప్పుడు వస్తది. చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేస్తే అది చానా మట్టుకు పోతది.

ఇగ వరుసల లెక్క. మంది ఇక్కడ్నే బోల్తా పడ్తరు. ట్రాకర్ తెరిస్తే 64 వరుసలు, స్పీడు 6 (అంటే వరుసకు ఆరు టిక్కులు), టెంపో 125 ఉంటయి. అది నాలుగు లెక్క: నాలుగు వరుసలకు ఒక తాళం, వరుసకు 120, తాళానికి 480 మిల్లీసెకన్లు. మీ పాటకు చప్పట్లు కొట్టి చూడుండ్రి. రెండు చప్పట్ల నడుమ మూడు పడితే ఈ గళ్లల్ల ఎంత జరిపినా కుదురదు. తాళానికి మూడు వరుసలు, స్పీడు 8 పెట్టుండ్రి. వరుసకు 160, తాళానికి మళ్ల అదే 480. సన్న దెబ్బలు కూడ కావాలంటే ఆరు వరుసలు, స్పీడు 4. 64 మూడుతోని భాగం పోదు కాబట్టి ప్యాటర్న్ పొడుగు 48 లేదా 96 చెయ్యాలె. నంబర్లు పదహారు లెక్కల, అంటే హెక్స్‌ల చూపిస్తుంటే 48 అంటే 30, 96 అంటే 60. అక్కడ 48 అని కొట్టి 72 వరుసలు తెచ్చుకునేటోళ్లే ఎక్కువ. ఏడు లెక్కకైతే 56 వరుసలు బాగ కూసుంటయి.

వరుసల పక్కన రాసే ఎఫ్ కమాండ్‌ల ఇంకో తిరకాసు ఉన్నది. హెక్స్ 20 కంటే తక్కువ ఇస్తే స్పీడు మారుతది, 20 నుంచి పైకి ఇస్తే టెంపో. ఎఫ్08 అంటే స్పీడు 8, ఎఫ్7డి అంటే టెంపో 125.

దెబ్బ గడియారం లెక్క పడితే డప్పు అనిపియ్యదు. ఈడీ1, ఈడీ2 కమాండ్లు దెబ్బను ఒకటి, రెండు టిక్కులు ఎన్కకు జరుపుతయి. ఇచ్చిన అంకె స్పీడుతో సమానమైనా, దాటినా ఆ దెబ్బ మోగనే మోగదు. సిర్రను గట్టిగ తాళం మీదనే ఉంచి, పుల్లను మాత్రమే జరుపుడు మంచిది. ఒకే సాంపుల్ (రికార్డు చేసిన దెబ్బ) వరుసగ పెడితే మర తుపాకి లెక్కుంటది, అందుకే ఆ నాలుగైదు గట్టి దెబ్బలను మార్చి మార్చి వాడుండ్రి. సిర్ర ఒక ఛానెల్, పుల్ల ఇంకో ఛానెల్. ఒకే ఛానెల్‌ల పెడితే కొత్త దెబ్బ పాత దాని మోతను తెంపుతది. ష్కిజం అనే ఇంకో ట్రాకర్‌ల అయితే కొత్త నోట్ వచ్చినప్పుడు పాతది తెంపాల్నా, నడువనియ్యాల్నా, మెల్లగ ఆర్పాల్నా అని ఇన్‌స్ట్రుమెంట్‌లనే చెప్పొచ్చు. మిల్కీల ఆ సదుపాయం లేదు.

కీబోర్డు సంగతి అల్కటిదే. మిడి కీబోర్డుకు సొంత గొంతు ఉండదు. ఏ మెట్టు, ఎంత గట్టిగ అన్న అంకెలే పంపుతది. పలికేటందుకు ఆ అంకెలను సప్పుడు చేసే సాఫ్ట్‌వేర్ ఫ్లూయిడ్‌సింత్ కావాలె, దానికి కిటికీ క్యూసింత్, లోపల వాయిద్యాల గొంతులుండే ఫైలు, సౌండ్‌ఫాంట్. డెబియన్, మింట్‌లల్ల ఫ్లూయిడ్ ఆర్3 జీఎమ్ అనే సౌండ్‌ఫాంట్ ప్యాకేజీగ దొరుకుతది. తర్వాత కీబోర్డు నుంచి సింత్‌కు తెర మీదనే తీగ గుంజాలె, దానికున్న సాఫ్ట్‌వేర్ క్యూపీడబ్ల్యూగ్రాఫ్‌ల మౌస్‌తోని కలిపితే అయిపోతది. కలిపినా పలుకకపోతే ఈ వరుసల చూడుండ్రి: సౌండ్‌ఫాంట్ లోడ్ అయిందా; ఆడియో డ్రైవర్ జాక్ (సప్పుడు నడిపే ఒక సాఫ్ట్‌వేర్) అని ఉండి జాక్ నడుస్తలేదా; గెయిన్ (సప్పుడు మోతాదు) 0.2 దగ్గర్నే ఉందా. ఆ 0.2 చానా తక్కువ, 0.6కు పెంచుండ్రి. ఏ మెట్టు ఒత్తినా డ్రమ్ములే మోగితే కీబోర్డు 10వ ఛానెల్‌ల ఉన్నది.

జనరల్ మిడి (వాయిద్యాల నంబర్ల ఒప్పందం) 128 గొంతులల్ల షెహనాయి 112, సితార 105. సున్నా నుంచి లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌ల 111, 104. డప్పు లేదు, మన పాలమూరు దిక్కు పన్నెండు మెట్ల కిన్నెర అంతకన్నా లేదు. వాటిని సాంపుల్ చేసుకోవుడే దారి. జారుడుకు పిచ్ బెండ్ నడుమ విలువ 8192, మామూలుగ అటు ఇటు రెండేసి అర్ధస్వరాలు, అంటే ఒక అర్ధస్వరానికి 4096.

మెట్టు ఒత్తినంక ఆలస్యంగ పలికితే అది బఫర్ (సప్పుడును ముందే కూడబెట్టే జాగ) పెద్దగున్నందుకు. 48000 రేటుల 1024 బఫర్ అంటే 21 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3. లైనక్స్‌ల సప్పుడు నడిపేది పైప్‌వైర్. పైప్‌వైర్‌ల క్వాంటమ్ (అంటే ఆ బఫర్) 256 పెట్టి చూసి, టపటప పగిలితే 512కు రాండ్రి. నల్లగొండ మే ఎండల ల్యాప్‌టాప్ కాగితే ప్రాసెసర్ తనంతట తనే మెల్లగైతది, పొద్దున నడిచిన 256 పగటాల్ల నడువకపోవచ్చు. ట్రాకర్‌ల ఉత్తగ టైపు చేసుకుంట కట్టేటప్పుడు చిన్న బఫర్‌తోని పనే లేదు.

ఆఖరుకు డప్పును వేవ్ చేసి ఆర్డోర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తీస్కపోయి, అక్కడ రాగం, గొంతు కలుపుండ్రి. ష్కిజం అయితే ఒక్కో ఛానెల్‌ను వేరే వేరే వేవ్‌లుగ రాసిస్తది. టెంపో 90, 105, 125, 126లల్ల ఏదన్నా పెట్టుకుంటే 44100 రేటుల టిక్కుకు వచ్చే సాంపుల్స్ (ఇక్కడ సెకనుకు 44100 చొప్పున తీసే కొలతలు) సరిగ పూర్ణాంకాలు: 1225, 1050, 882, 875. 130 పెడితే 848.08 వస్తది. ట్రాకర్ ఆ చివరి పాయింట్లను వదిలేస్తే నాలుగు నిమిషాల పాటల దరువు ఆర్డోర్ గళ్లకంటే 20 మిల్లీసెకన్ల పైన ముందుకు ఉరుకుతది.