నాటో సైనిక కూటమి ఒప్పందంలో ఐదో అధికరణ ఉండగా, రష్యా పక్కనున్న బాల్టిక్ దేశాలు (ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా) కూటమి సైన్యాన్ని తమ సరిహద్దులోనే ఎందుకు ఉంచమంటాయి?

ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అంటుంది ఆ అధికరణ. ఎవరు ఎంత సాయం చేయాలో, ఎప్పటికి చేయాలో మాత్రం చెప్పదు. చిక్కంతా అక్కడే. సాయం రావాలంటే పోలండ్ నుంచి లిథువేనియాకు నేల మీద దారి సువాల్కీ సందు ఒక్కటే: వెడల్పు సుమారు 65 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి సంగారెడ్డి దాకా అనుకోండి. ఒక పక్క రష్యా భూభాగమైన కలినిన్‌గ్రాడ్, ఇంకో పక్క రష్యా మిత్రదేశం బెలారస్. రైల్లో ట్యాంకులు పంపుదామంటే 1,435 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలు లిథువేనియాలోని కౌనస్ దాకానే, ఆపైన 1,520. దించి మళ్లీ ఎక్కించాలి. ఆలోపు ఊళ్లు చేజారతాయి. 2022లో ఉక్రెయిన్‌లోని బూచాలో రష్యా సైన్యం పౌరులను చంపడం చూశాక, ‘ముందు పోనీ, తర్వాత విడిపిద్దాం’ అంటే వాళ్లకు మింగుడుపడదు. 2017లో వచ్చిన నాటో దళాలు (ఒక్కో దేశానికి బెటాలియన్ అంత, అంటే సుమారు వెయ్యి మంది) నిజానికి దాడిని ఆపలేవు. ముట్టుకుంటే అందరూ దిగుతారన్న హెచ్చరిక, అంతే. అందుకే 2027 కల్లా లిథువేనియాలో సుమారు 5,000 మందితో జర్మనీ బ్రిగేడ్.